అసలు సరుకే అమ్మాం, నకిలీ ముద్ర వేశారు: ఆన్‌లైన్ అమ్మకాల్లో నా అనుభవం

కొత్తగా ఆన్‌లైన్ అమ్మకాల్లోకి దిగేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే. "బ్రాండెడ్ సరుకు హోల్‌సేల్‌లో బిల్లు మీద కొనుక్కుని మార్కెట్‌ప్లేస్‌లో పెట్టుకోవచ్చా అక్కా?" చట్టం ప్రకారం నిక్షేపంగా పెట్టుకోవచ్చు. మార్కెట్‌ప్లేస్‌లో, అంటే అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లాంటి సైట్లలో మాత్రం ఆ బ్రాండువాళ్లు ఊరుకున్నన్నాళ్లే. ఈ తేడా వల్ల మా దుకాణం ఏం కష్టాలు పడిందో, ఎంతవరకు బయటపడిందో, ఎక్కడ బయటపడలేకపోయిందో వివరంగా రాస్తున్నాను. మాలాంటి షాపులు ఊరూరా ఉన్నాయి. రేపు వాళ్లకి ఇలాంటి మెయిల్ వస్తే ముందుగా ఏం చెయ్యాలో తెలిసి ఉండాలి.

మాది విజయవాడ వన్‌టౌన్‌లో వంటింటి సామాన్ల స్పేర్‌పార్టుల దుకాణం. కుక్కర్ గ్యాస్కెట్లు, విజిళ్లు, సేఫ్టీ వాల్వులు, హ్యాండిళ్లు, మిక్సీ జార్లు, కప్లర్లు, బ్లేడ్లు. మామయ్యగారు పెట్టిన షాపు. కౌంటరు ఆయనా మా ఆయనా చూసుకుంటారు. ఆన్‌లైన్ ఖాతా, జీఎస్టీ, ప్యాకింగ్ నా బాధ్యత. స్పేర్‌పార్టులకి ఆన్‌లైన్‌లో మంచి గిరాకీ ఉంటుంది. పదేళ్ల కిందటి మోడల్ కుక్కరుకి సరిపడే గ్యాస్కెట్ చిన్న ఊళ్లలో దొరకదు కదా. పాడేరు నుంచి, నారాయణఖేడ్ నుంచి, ఒడిశాలో రాయగడ నుంచి కూడా మాకు ఆర్డర్లొచ్చేవి. "మా అమ్మ కుక్కరు మళ్లీ పనిచేస్తోంది" అని రివ్యూలు రాసేవాళ్లు. కౌంటర్లో వచ్చే రాబడికి తోడు ఈ అమ్మకాలే పిల్లల ఫీజులకి ఆసరా.

అసలు గొడవ అర్థం కావాలంటే సరుకు మా దాకా ఎలా వస్తుందో చెప్పాలి. కంపెనీ నుంచి డిపోకి, అక్కణ్ణుంచి డిస్ట్రిబ్యూటర్‌కి, ఆయన దగ్గర్నుంచి హోల్‌సేలర్లకీ డీలర్లకీ వస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌కి మూడు నెలలకోసారి టార్గెట్ ఉంటుంది. ఆ టార్గెట్ స్లాబు దాటితే కంపెనీ నుంచి ప్రోత్సాహకంగా స్కీము డబ్బులొస్తాయి, దాటకపోతే మొత్తం పోతాయి. అందుకే క్వార్టరు ఆఖరి వారం వచ్చిందంటే ఫోన్లు మొదలవుతాయి. "అమ్మా, ఇంకో రెండు పెట్టెలు వేయించుకోండి, రేటు చూసి వేస్తాను" అంటారు. తనకొచ్చే స్కీములో కొంత మాకు వదిలి సరుకు కదిలించుకుంటారు. ఆ రేటుకి కొన్నాం కాబట్టి మేమూ కొంత తగ్గించి అమ్ముతాం. వన్‌టౌన్‌లో వ్యాపారం ఎప్పట్నుంచో ఇలాగే నడుస్తోంది, ఇందులో దొంగతనం ఏమీ లేదు. ప్రతి పెట్టెకీ బిల్లుంది, ప్రతి బిల్లుకీ పన్ను కట్టాం.

అయితే కంపెనీలకి ఎంఆర్‌పీ కాక ఎంఓపీ అని ఇంకో రేటుంటుంది. మార్కెట్లో ఇంతకి తక్కువ ఎవరూ అమ్మకూడదని డీలర్లకి చెప్పే రేటు అది. ప్యాకెట్టు మీద ఎక్కడా ఉండదు, వాట్సాప్‌లో వస్తుంది. కౌంటర్ మీద ఎవరు ఎంతకి ఇచ్చారో కంపెనీకి తెలియదు. ఆన్‌లైన్‌లో మాత్రం పదిహేను రూపాయలు తగ్గిస్తే దేశమంతా చూస్తుంది. ఎక్కడో వేరే రాష్ట్రంలో డీలరు స్క్రీన్‌షాట్ తీసి తన ఏరియా మేనేజర్‌కి పంపి, "వీళ్లు ఈ రేటుకి ఎలా ఇస్తున్నారు?" అని నిలదీస్తాడు. ఆ ఒత్తిడి తిరిగి తిరిగి మా నెత్తిన పడింది.

ఒకరోజు మార్కెట్‌ప్లేస్ నుంచి మెయిలొచ్చింది. మేం అమ్ముతున్న ఒక కుక్కర్ల బ్రాండు గ్యాస్కెట్లు నకిలీవని హక్కుదారు, అంటే ఆ బ్రాండు యజమాని, ఫిర్యాదు చేశారట, మా లిస్టింగులు (సైటులో ఆ వస్తువులు అమ్మకానికి పెట్టిన పేజీలు) తీసేశారట. కాసేపటికే అదే బ్రాండు వాల్వులూ హ్యాండిళ్లూ కూడా ఒకదాని వెంట ఒకటి పోయాయి. మార్కెట్‌ప్లేస్ గోడౌన్లో పెట్టిన మా సరుకుకి తాళం పడింది. ఆ విడత మాకు రావలసిన డబ్బు ఆగిపోయింది. ఖాతా ఆరోగ్యం చూపించే పేజీ ఎర్రగా మారింది. ఫిర్యాదులో ఏ ఆర్డరు, ఏ బ్యాచి, ఏం తేడా ఉందని ఒక్క ముక్క లేదు. ఒక ఫిర్యాదు నంబరు, ఒక మెయిల్ ఐడీ, అంతే.

నకిలీ సరుకు సంగతి మాకు తెలియంది కాదు, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అసలు గ్యాస్కెట్ లోపలి అంచున బ్రాండు పేరూ లీటర్ల సైజూ రబ్బరులోనే ఉబ్బెత్తుగా అచ్చుపోసి ఉంటాయి, వేలితో తడిమితే అక్షరం అక్షరం తగులుతుంది. నకిలీదాంట్లో అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. అచ్చు కలిసే చోట సన్నటి రబ్బరు పొర తీయకుండా వదిలేస్తారు. ప్యాకెట్ విప్పగానే ఘాటైన వాసన ముక్కుకి కొడుతుంది. నాలుగుసార్లు అన్నం వండేసరికి సాగిపోయి గాడిలో నిలవదు, మూత పక్క నుంచి ఆవిరి కారిపోతుంది. బ్యాగులో శాంపిళ్లు పెట్టుకుని షాపుకొచ్చే ఏజెంట్లుంటారు. "సేమ్ టు సేమ్, పెట్టె కూడా అదే, సగం రేటు" అంటారు. మామయ్యగారు వాళ్లని మెట్టు ఎక్కనివ్వరు. ఇంట్లో ఆడవాళ్లు పొయ్యి దగ్గర నిలబడి వాడే వస్తువు ఇది. సేఫ్టీ వాల్వు నాసిరకందైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ప్రభుత్వం కూడా దీన్ని గట్టిగానే పట్టుకుంది. ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లకి ఐఎస్ 2347 ప్రమాణం, ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసిన క్వాలిటీ కంట్రోల్ ఆర్డరు 2021 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ మార్కు లేని కుక్కర్లు అమ్మనిచ్చినందుకు 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌కీ ఫ్లిప్‌కార్ట్‌కీ చెరో లక్ష రూపాయల జరిమానా వేసింది. అమెజాన్ ద్వారా అమ్ముడైన అలాంటి కుక్కర్లు 2,265, ఫ్లిప్‌కార్ట్ ద్వారా 598. కొన్నవాళ్లందరికీ సమాచారమిచ్చి, కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వమంది. ఇలాంటి చర్య ఎంత కఠినంగా ఉన్నా నాకు సమ్మతమే. బ్రాండు రక్షణ ఉండాలనే నా మాట. నకిలీని పట్టుకోవడానికి ఇచ్చిన ఆయుధాన్ని, అసలు సరుకు తక్కువ రేటుకి అమ్మేవాణ్ణి తరమడానికి వాడుతున్నారన్నదే నా ఫిర్యాదు.

అది ఎలా సాధ్యమవుతుందంటే, పెద్ద మార్కెట్‌ప్లేసులన్నీ రిజిస్టరైన ట్రేడ్‌మార్కు ఉన్న కంపెనీలకి ఫిర్యాదు చేసుకోవడానికి విడిగా ఒక ద్వారం తెరిచి పెట్టాయి. అమెజాన్ బ్రాండ్ రిజిస్ట్రీ ఇప్పటి రూపంలో 2017లో వచ్చింది. 2019లో వచ్చిన ప్రాజెక్ట్ జీరోలో అయితే ఎంపికైన బ్రాండ్లు ఎవరినీ అడగకుండా తామే లిస్టింగులు తీసేయొచ్చు. మిగతావాళ్లకీ తమ తమ ఏర్పాట్లున్నాయి. ఆ ఫిర్యాదు పేజీలో నకిలీ, ట్రేడ్‌మార్కు దుర్వినియోగం, ఫొటో కాపీ ఇలా కారణాలుంటాయి. "మా అనుమతి లేకుండా మా అసలు సరుకే అమ్ముతున్నాడు" అన్న కారణం ఉండదు, ఎందుకంటే అది ఉల్లంఘన కాదు. దాంతో కంపెనీల తరఫున పనిచేసే ఏజెన్సీలు నకిలీ అన్న గడిలో టిక్కు పెట్టేస్తాయి. పెట్టేముందు సరుకు కొని చూడాలన్న నిబంధన అన్నిచోట్లా లేదు. మార్కెట్‌ప్లేసు కూడా వెంటనే తీసేస్తుంది. ఐటీ చట్టం సెక్షన్ 79 కింద మధ్యవర్తిగా, అంటే ఇతరులు పెట్టినదానికి తాను బాధ్యత వహించకుండా, తనకున్న రక్షణ పోతుందేమోనని దానికి భయం. ఫిర్యాదు చేసినవాడికి ఖర్చు లేదు, తీసేసినవాడికి నష్టం లేదు. ఇక మిగిలింది అమ్ముకునేవాడు.

సరే, అప్పీలు మొదలుపెట్టాం. ముందు బిల్లులు పంపాను. "సరఫరాదారుని ధ్రువీకరించలేకపోయాం" అని జవాబు. హోల్‌సేలరు బిల్లు మీద షాపు పిలుపు పేరుంది, జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో యజమాని పేరుంది. రెండూ ఒకరివేనని చూపించడానికి ఆయన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తెచ్చి పంపాను. ఈసారి వస్తువు వివరం చాలదన్నారు. వన్‌టౌన్ బిల్లుల్లో "కుక్కర్ గ్యాస్కెట్ 5 లీ., హెచ్ఎస్ఎన్ 4016" అనే ఉంటుంది (హెచ్ఎస్ఎన్ అంటే పన్ను కోసం వస్తువు రకానికిచ్చే కోడు). ఏ హోల్‌సేలరూ బిల్లు మీద మోడల్ కోడు రాయడు. ఇచ్చిన బిల్లు దిద్దడం నేరం కాబట్టి, ఫలానా బిల్లులో ఫలానా వరుస ఫలానా మోడల్ అని ఆయన లెటర్‌హెడ్ మీద రాయించి పెట్టాను. జీఎస్టీఆర్-2బీలో (మా పేరున సరఫరాదారులు చూపిన బిల్లుల జాబితా) ఆ కొనుగోళ్లు కనబడుతున్న పేజీ, బ్యాంకులో డబ్బు వెళ్లిన స్టేట్‌మెంటు కూడా జతచేశాను. మళ్లీ అదే మూసలో జవాబు, కింద సంతకం మాత్రం వేరే పేరు. ఏ కాగితం చూశారో, ఏది చాల్లేదో చెప్పరు. ఫోన్‌లో దొరికిన అబ్బాయి పాపం మర్యాదగానే మాట్లాడాడు. "ఆ విభాగంతో మాకూ మాట్లాడే వీల్లేదు మేడమ్, మెయిలే దారి" అన్నాడు.

ఆ తర్వాత అడిగింది నన్ను అన్నిటికంటే బాధపెట్టింది. కార్యాచరణ ప్రణాళిక రాసివ్వాలి. ఉల్లంఘన జరగడానికి మూలకారణమేంటి, ఏం సరిదిద్దారు, మళ్లీ జరక్కుండా ఏం చేస్తారు. ప్రశ్నలోనే తప్పు మాదని తేల్చేశారు. ఖాతాలు తెరిపిస్తామని డబ్బు తీసుకునే కన్సల్టెంట్లు చెప్పే చిట్కా ఏంటంటే, "ఒప్పేసుకోండి మేడమ్, పొరపాటున నకిలీ వచ్చింది, ఆ సప్లయర్‌ని మానేశాం అని రాయండి, తొందరగా తెరుచుకుంటుంది." ఈ మాట ఎవరు చెప్పినా వినొద్దు. తప్పుడు ట్రేడ్‌మార్కున్న సరుకు అమ్మితే ట్రేడ్‌మార్కుల చట్టం సెక్షన్ 104 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, రూ. 50 వేల నుంచి రూ. 2 లక్షల దాకా జరిమానా ఉంది. లిస్టింగ్ తెరిపించుకోవడానికి మనం రాసిచ్చిన కాగితమే రేపు మన మీద సాక్ష్యమవుతుంది. పైగా పాతికేళ్లుగా మనకి సరుకిస్తున్న మనిషి మీద లేనిపోని నింద వేసినట్టవుతుంది. ఆ గడుల్లో నేను, "సరుకు అసలైనది, ఉల్లంఘన జరగలేదు, ఆధారాలు జతచేశాను" అనే రాశాను. తిరస్కరించారు. మళ్లీ అదే రాశాను.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం, ట్రేడ్‌మార్కు, కాపీరైట్ వంటి చట్టాల కింద తొలగించిన సరుకుని పదేపదే అమ్మకానికి పెట్టినవాళ్ల వివరాలు మార్కెట్‌ప్లేసు నమోదు చేసి ఉంచుకోవడానికి ప్రయత్నించాలి. నకిలీగాళ్లని గుర్తుపెట్టుకోవడానికి అది మంచి నిబంధనే. కానీ ఒక ఏజెన్సీ గుడ్డిగా పెట్టిన టిక్కుతో నిజాయితీగా వ్యాపారం చేసేవాడి పేరు కూడా ఆ పుస్తకంలోకి ఎక్కే ప్రమాదముంది. అందుకే "పోనీలే, ఆ బ్రాండు వదిలేద్దాం" అని మా ఆయన అన్నా నేను వదల్లేదు. ఆ మచ్చ పోవాలి.

ఫిర్యాదులో ఉన్న మెయిల్ ఐడీ కంపెనీది కాదు, వాళ్ల తరఫున ఆన్‌లైన్‌లో నిఘా పెట్టే ఏజెన్సీది. వాళ్లకి రాశాను: ఏ ఆర్డరులో వచ్చిన ఏ వస్తువు నకిలీ అని తేల్చారు, దాని బ్యాచి చెప్పండి, మా దగ్గరున్న స్టాకంతా మీ ముందే పరీక్ష చేయించుకోండి. వచ్చిన జవాబు రెండు వాక్యాలు. మేం అధీకృత విక్రేతలం కామట, ఆ బ్రాండు వస్తువులన్నీ శాశ్వతంగా తీసేస్తామని రాసిస్తే ఫిర్యాదు వెనక్కి తీసుకునే సంగతి చూస్తారట. సరుకు నకిలీదన్న మాట అందులో ఎక్కడా లేదు! మార్కెట్‌ప్లేసుకి చెప్పిన కారణం ఒకటి, నాకు చెప్పిన కారణం మరొకటి. ఆ మెయిల్ ప్రింటు తీసి ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టాను.

మమ్మల్ని అధీకృత విక్రేతలుగా చూపే అధికార పత్రం కోసం డిస్ట్రిబ్యూటర్‌గారి దగ్గరికి మామయ్యగారే వెళ్లారు, నేనూ వెంట ఉన్నాను. ఆయన కాఫీ తెప్పించారు, మా కష్టమంతా విన్నారు, తలుపు దగ్గరికి వేసి చెప్పారు. "అన్నగారూ, నా దగ్గర్నుంచి మీదాకా వచ్చింది అసలు సరుకే, దేవుడి మీద ఒట్టు. కానీ ఆన్‌లైన్‌కి ఇచ్చానని లెటర్‌హెడ్ మీద సంతకం పెడితే నా డిస్ట్రిబ్యూషన్ ఉంటుందా? నా మీద ఆధారపడ్డ కుర్రాళ్లు పదిమంది ఉన్నారు." ఆయన్ని తప్పుపట్టలేను. ఎక్కువ వేయించుకోమని టార్గెట్టు తోసేదీ కంపెనీయే, సరుకు ఆన్‌లైన్ దాకా పొంగకూడదని బెదిరించేదీ కంపెనీయే. మామయ్యగారు మాత్రం ఒకటే అడిగారు. "సరుక్కి డబ్బు కట్టాం, పన్ను కట్టాం, సరుకు మనది. అమ్ముకోవద్దని చెప్పడానికి ఇంకా వాళ్లెవరు?" చివరికి డిస్ట్రిబ్యూటర్‌గారు తన కొనుగోలు బిల్లుల నకళ్లు, రేట్లు కనబడకుండా కొట్టేసి, ఇచ్చారు. కంపెనీ నుంచి ఆయనకి, ఆయన్నుంచి హోల్‌సేలరుకి, హోల్‌సేలరు నుంచి మాకు. అలా గొలుసు పూర్తయింది.

మామయ్యగారు అడిగిన ప్రశ్ననే లాయరుగారు చట్టం భాషలో చెప్పారు. ట్రేడ్‌మార్కుల చట్టం, 1999లో సెక్షన్ 30(3) ఉంది. మార్కు యజమాని తానుగా గానీ, తన సమ్మతితో గానీ మార్కెట్లోకి వదిలిన సరుకుని న్యాయబద్ధంగా కొన్నవాడు తిరిగి అమ్మితే ఉల్లంఘన కాదు. సెక్షన్ 30(4)లో మినహాయింపుంది. మార్కెట్లోకి వచ్చాక సరుకు స్థితి మారినా, చెడిపోయినా యజమాని అభ్యంతరం చెప్పొచ్చు. అంటే ప్యాకెట్ విప్పి, వేరే వాటితో కలిపి, స్టిక్కర్ మార్చి అమ్మకూడదు. మేం సీలు కూడా కదపం.

రెండు తీర్పులు కూడా చూపించారు. శాంసంగ్ ప్రింటర్లని విదేశాల నుంచి తెచ్చి అమ్మే కపిల్ వాధ్వా అనే వ్యాపారి మీద కంపెనీ వేసిన కేసులో, 2012లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జిల ధర్మాసనం) ఆయన అమ్ముకోవచ్చంది. అయితే వారంటీ, సర్వీసు శాంసంగ్ ఇవ్వదన్న సంగతి కొనేవాళ్లకి స్పష్టంగా తెలిసేలా బోర్డు పెట్టమంది. ఇది నాకు బాగా నచ్చింది. అమ్మేవాడి హక్కూ నిలిచింది, కొనేవాడికి నిజమూ తెలిసింది. రెండోది 2020 జనవరి 31న వచ్చింది. ఆమ్‌వే వంటి డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలు తమ సమ్మతి లేకుండా ఆన్‌లైన్‌లో తమ సరుకు అమ్మకూడదని 2019లో సింగిల్ జడ్జి దగ్గర ఉత్తర్వు తెచ్చుకుంటే, డివిజన్ బెంచ్ దాన్ని కొట్టేసింది. కంపెనీలు ఆధారం చేసుకున్న 2016 నాటి డైరెక్ట్ సెల్లింగ్ మార్గదర్శకాలు చట్టం కావని చెప్పింది.

"మరి ఇంత స్పష్టంగా ఉంటే మా లిస్టింగ్ ఎందుకు పోయింది సార్?" అని అడిగాను. "మీ కేసు కోర్టుకి వెళ్లలేదు కదమ్మా. అది వాళ్ల వెబ్‌సైటు, వాళ్ల నియమాలు. మీరు సంతకం పెట్టిన ఒప్పందంలో ఎప్పుడైనా తీసేయొచ్చని రాసుకున్నారు" అన్నారు. చిన్న వ్యాపారి హక్కు పుస్తకంలో భద్రంగా ఉంది, దాన్ని బయటికి తీయాలంటే కోర్టు ఖర్చు పెట్టుకోవాలి. గ్యాస్కెట్ మీద మిగిలే పది ఇరవై రూపాయలతో ఎవరు పెట్టుకోగలరు?

ఇది మన దగ్గరే ఉన్న గొడవ కూడా కాదు. ఆపిల్, అమెజాన్ 2018లో కుదుర్చుకున్న ఒప్పందం తర్వాత, ఆపిల్ అధికారమిచ్చినవాళ్లు తప్ప మిగతా అమ్మకందార్లు ఆ సైటులో ఆపిల్ వస్తువులు అమ్మలేకపోయారు. వాడిన మెషీన్లు బాగుచేసి ఎన్నో ఏళ్లుగా అమ్ముకుంటున్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. దీని మీద వ్యాపారంలో పోటీని కాపాడే స్పెయిన్ ప్రభుత్వ సంస్థ 2023 జులైలో రెండు కంపెనీలకీ కలిపి దాదాపు 19 కోట్ల 40 లక్షల యూరోల జరిమానా వేసింది. కంపెనీలు ఒప్పుకోలేదు, అప్పీలు చేస్తామన్నాయి. అంత పెద్ద దేశాల్లోనే ఇంత తగువుంటే వన్‌టౌన్ సందులో ఉన్న మాకు ఇంకెంత!

లాయరుగారు ఏజెన్సీని వదిలేసి నేరుగా కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకి, న్యాయ విభాగం పేరున నోటీసు పంపారు. గొలుసులోని బిల్లులన్నీ, ఏజెన్సీ మెయిల్, ప్యాకెట్ మీద హోలోగ్రామ్, ప్యాకింగ్ నెల, బ్యాచి కనబడేలా నేను తీసిన ఫొటోలు జతచేశారు. ఫలానా బ్యాచి మీ ఫ్యాక్టరీలో తయారైంది కాదని రాతపూర్వకంగా చెప్పండి, లేదంటే ఫిర్యాదు ఉపసంహరించుకోండి. ఆధారం లేని బెదిరింపుల వల్ల నష్టపోయినవాళ్లు ట్రేడ్‌మార్కుల చట్టం సెక్షన్ 142 కింద దావా వెయ్యొచ్చన్న సంగతి కూడా గుర్తుచేశారు. తమ సొంత బ్యాచి నంబరుని నకిలీ అని ఏ కంపెనీ రాసిస్తుంది? కొన్నాళ్లకి మార్కెట్‌ప్లేస్ నుంచి ఒక వాక్యం మెయిల్ వచ్చింది, హక్కుదారు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారని. ఆగిన డబ్బు పడింది. ఖాతా పేజీ మళ్లీ పచ్చబడింది. కంపెనీ నుంచి క్షమాపణ గానీ, వివరణ గానీ లేదు.

గెలిచామని అందరికీ ఫోన్లు చేశాం. మర్నాడు లిస్టింగ్ తెరిచి చూస్తే, "ఈ బ్రాండులో అమ్మడానికి అనుమతి అవసరం" అని ఉంది. ఫిర్యాదు ఎత్తేశారు, తలుపుకి గొళ్లెం పెట్టారు. ఇలా గేటు పెట్టడాన్ని ప్రశ్నించడానికి అప్పీలు కూడా ఉండదు, అది ఉల్లంఘన కింద రాదు కాబట్టి. గోడౌన్లో ఉన్న సరుకు వెనక్కి తెప్పించుకోవడానికి మేమే రుసుము కట్టాం. కొన్ని ప్యాకెట్లు చిరిగి, హోలోగ్రాం నలిగి వచ్చాయి. అసలు సరుకే అయినా అవి ఇక బ్రాండు ప్యాకింగ్‌లో అమ్మే స్థితిలో లేవు. మిగతావి కౌంటర్లో నెమ్మదిగా పోతున్నాయి. రాయగడ నుంచి మళ్లీ గ్యాస్కెట్ కోసం మెసేజ్ పెట్టిన ఒకావిడకి, పోస్టులో పంపుతానని చెప్పడం తప్ప వేరే దారి లేకపోయింది. మేం తప్పుకున్నాక ఆ లిస్టింగులో రేటు ఎంఓపీకి ఎక్కి కూర్చుంది. ఆ తేడా కట్టేది ఆవిడలాంటివాళ్లే.

నాకు తోచినంతలో దీనికి పరిష్కారం పెద్ద కష్టమేం కాదు. నకిలీ అని ఫిర్యాదు చేసేవాళ్లు ఆ సరుకు కొని చూసిన ఆర్డరు నంబరూ, బ్యాచీ, కనబడిన తేడా రాయడం తప్పనిసరి చెయ్యాలి. అవి లేని ఫిర్యాదు స్వీకరించకూడదు. అమ్మకందారుకి ఆ వివరాలు చూపించి జవాబు చెప్పే గడువిచ్చాకే డబ్బు ఆపాలి. ప్రాణం మీదకొచ్చే వస్తువులైతే లిస్టింగ్ వెంటనే ఆపేసినా నాకు అభ్యంతరం లేదు, విచారణ మాత్రం జరగాలి. పదేపదే తప్పుడు ఫిర్యాదులు చేసే ఏజెన్సీల లెక్క కూడా రాసి ఉంచాలి, మా లెక్క రాస్తున్నట్టే.

మీకు ఇలాంటిది రాకముందే చేసుకోవాల్సినవి కొన్ని. ఎంత చిన్న సరుకైనా పక్కా బిల్లు మీదే కొనండి, బిల్లు వేసేటప్పుడే మోడల్ కోడు, సైజు రాయమని అడగండి. డబ్బు బ్యాంకు ద్వారానే కట్టండి. పెట్టె తెరిచిన రోజునే ప్యాకెట్ ముందూ వెనకా ఫొటో తీసి బిల్లు నంబరుతో పేరు పెట్టుకుంటే, తర్వాత బ్యాచి చూపించడం క్షణంలో పని. కంపెనీ ఫొటోలు వాడొద్దు, మీరే తీసుకోండి. ఫొటో కాపీ ఫిర్యాదుకి చోటివ్వకూడదు. ఒకే బ్రాండు సరుకంతా మార్కెట్‌ప్లేస్ గోడౌన్లో పెట్టొద్దు. మేం ఇప్పుడు మిక్సీ కప్లర్లకి సొంత పేరు పెట్టి ట్రేడ్‌మార్కుకి దరఖాస్తు చేశాం. వ్యక్తులకీ చిన్న సంస్థలకీ ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి ఫీజు రూ. 4,500. రేపు మా మార్కు మాకొస్తే ఆ ఫిర్యాదు పేజీ మాకూ తెరుచుకుంటుంది. వస్తువు చేతిలో పట్టుకుని చూడకుండా అందులో టిక్కు పెట్టనని ఇంట్లో అందరి ముందూ చెప్పాను.

పాత బ్రాండు అనుమతి కోసం కూడా మళ్లీ అడిగాం. ఏరియా మేనేజరు షాపుకొచ్చి, ఆన్‌లైన్‌లో ఎంఓపీకి తగ్గించనని హామీ ఇస్తే అధికార పత్రం వస్తుందన్నాడు. తిరిగి అమ్మే రేటుని ఇలా కట్టడి చెయ్యడం కాంపిటీషన్ చట్టం, 2002 సెక్షన్ 3(4) కిందకి రావొచ్చని లాయరుగారంటున్నారు. డీలర్లు ఇచ్చే డిస్కౌంట్లకి హద్దు పెట్టి, అది పాటిస్తున్నారో లేదో మారువేషపు కస్టమర్లని పంపి చూసినందుకు కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో మారుతి సుజుకీకి రూ. 200 కోట్ల జరిమానా వేసింది. దాని మీద కంపెనీ అప్పీలుకెళ్లింది. మా విషయంలో మార్కెట్లో పోటీకే దెబ్బ తగిలిందని చూపించాలి, అది తేలిక కాదని కూడా ఆయన దాచకుండా చెప్పారు. మామయ్యగారు హామీ ఇవ్వలేదు. ఆ షరతు కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసి పంపమని మెయిల్ పెట్టాం. ఇంకా జవాబు రాలేదు. వస్తే ఆ కాగితం కూడా ఫైల్లో చేర్చి, కమిషన్‌కి పంపాలా వద్దా అన్నది లాయరుగారితో కూర్చుని తేల్చుకుంటాం.